లాంగ్ బెల్ కొట్టాక మీ పిల్లలు ఏం తింటున్నారు? ఎంతసేపు ఆడుతున్నారు? ఆ రెండు గంటలే కీలకం

సాయంత్రం నాలుగున్నర. స్కూల్ ఆటో దిగిన పిల్లాడు బ్యాగు సోఫాలో పడేసి, షూ కూడా విప్పకుండా ‘అమ్మా, ఆకలి’ అంటాడు. ‘డబ్బాలో బిస్కెట్లున్నాయి నాన్నా, తిని త్వరగా తయారవ్వు, ఐదింటికి ట్యూషన్’ అని వంటింట్లోంచి జవాబు వస్తుంది. నాలుగు బిస్కెట్లు, ఒక కప్పు టీ, చేతిలో ఫోను. ఇరవై నిమిషాల్లో మళ్లీ బ్యాగు భుజానికెక్కుతుంది. ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడున్నర. ఇక ఆట ఎక్కడ?

పొద్దున టిఫిన్ తినకపోతే ఇంట్లో గొడవ చేస్తాం. మధ్యాహ్నం భోజనం సంగతి సర్కారు బడిలో అయితే ప్రభుత్వం చూసుకుంటుంది, ప్రైవేటు స్కూల్లో అయితే మనం పెట్టిన క్యారేజీ ఉంటుంది. రాత్రి అన్నం ఎలాగూ దగ్గరుండి పెడతాం. ఎవరూ పట్టించుకోనిది ఒక్కటే. లాంగ్ బెల్‌కీ రాత్రి భోజనానికీ మధ్య ఉన్న సమయం. పిల్లలు రోజు మొత్తంలో ఒళ్లు వంచి ఆడగలిగే సమయం అదే. చిప్స్, కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు లోపలికి వెళ్లే సమయమూ అదే. ఆటనీ చిరుతిండినీ వేర్వేరు విషయాలుగా చూడటం వల్లే ఇబ్బంది వస్తోంది. రెండూ ఒకే రెండు గంటల్లో ఉన్నాయి కాబట్టి రెండింటినీ కలిపే సరిచేయాలి.

సాయంత్రం ఆకలి సర్కారుకూ తెలుసు

ఈ ఆకలిని గుర్తించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2025లో పదో తరగతి పరీక్షల ముందు తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడుల్లో స్పెషల్ క్లాసులకు ఉండే విద్యార్థులకు సాయంత్రం స్నాక్స్ ఇచ్చింది. ఫిబ్రవరి 1 నుంచి మార్చి 20 వరకు, 38 పని దినాల పాటు, ఒక్కొక్కరికి రోజుకు 15 రూపాయల లెక్కన ఖర్చు పెట్టింది. మెనూలో ఉన్నవేంటంటే ఉడకబెట్టిన పెసలు, బొబ్బర్లు, శనగలు, పల్లీలు-బెల్లం, మిల్లెట్ బిస్కెట్లు, ఒకరోజు ఉల్లిపాయ పకోడీ. పకోడీని పక్కన పెడితే, ఏ పోషకాహార నిపుణుడిని అడిగినా ఇంచుమించు ఇదే జాబితా చెబుతారు.

ఒంటిగంటలోపు అన్నం తిన్న పిల్లలు సాయంత్రం ఐదున్నర దాకా ఖాళీ కడుపుతో పాఠం వినలేరు. ఆ సంగతి టీచర్లకు ఎప్పుడో తెలుసు. కాకపోతే ఈ ఏర్పాటు పదో తరగతి వాళ్లకే, అదీ పరీక్షల ముందు కొద్ది వారాలే. ఆకలి మాత్రం ఆరో తరగతి వాళ్లకీ ఉంటుంది, జూలైలో కూడా ఉంటుంది. పైగా అందులో తిండి ఉంది, పుస్తకం ఉంది, ఆట లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. మంచిదే. అయినా అదంతా బడి వేళల్లో ముగిసిపోయే ముచ్చట. గేటు దాటాక ఇంటివాళ్లే దిక్కు.

ఆడితే చదువు పోతుందా?

చాలా ఇళ్లలో అసలు భయం ఇదే. ‘ఆటలకు పంపితే అలిసిపోయి పడుకుంటాడండీ, ఇక హోంవర్క్ ఏం చేస్తాడు’ అంటారు. ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే ప్రయోగం ఒకటి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 221 మందిని తీసుకుని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి తొమ్మిది నెలల పాటు బడి అయ్యాక రోజూ రెండు గంటల కార్యక్రమం నడిపారు. అందులో కనీసం 70 నిమిషాలు ఒళ్లు కదిలే ఆటలు, వాటితో పాటు ఆరోగ్యకరమైన చిరుతిండి, కాసేపు ఆరోగ్యం మీద పాఠం. రెండో గుంపుని మామూలుగా వదిలేశారు.

2014లో ఫలితాలు వచ్చాయి. ఆడిన పిల్లల్లో దమ్ము పెరగడం ఎలాగూ ఊహించిందే. దాంతో పాటు, దృష్టి చెదరకుండా ఒక పని మీద నిలబడటం, ఒక పని నుంచి ఇంకో పనికి తొందరగా మారడం లాంటి పరీక్షల్లో వాళ్లు రెండో గుంపు కంటే ఎక్కువ మెరుగుపడ్డారు. కార్యక్రమానికి ఎక్కువ రోజులు వచ్చిన పిల్లల్లో మార్పు ఎక్కువగా కనిపించింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అక్కడ కొలిచింది శ్రద్ధని, మార్కుల్ని కాదు. ఆడితే ర్యాంకు వస్తుందని ఎవరైనా బోర్డు పెడితే నమ్మక్కర్లేదు. ఆడితే చదువు పాడవుతుందనే మాట మాత్రం ఆ ఫలితాల ముందు నిలబడదు.

కళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రైమరీ స్కూళ్లు తీసుకుని, ఆరింట్లో ఒకటో తరగతి పిల్లలకు బడి చివర్లో రోజూ 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మామూలు స్కూళ్లలో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సమస్య వచ్చింది. బయట గడిపిన స్కూళ్లలో అది 30.4 శాతం. మందు లేదు, చుక్కలు లేవు, పగటి వెలుతురు మాత్రమే. ఈ 40 నిమిషాల్ని మనం ట్యూబ్‌లైటు కింద ట్యూషన్‌కి ఇచ్చేస్తున్నాం.

రోజుకు గంట అంటే ఎలా లెక్కేయాలి?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు బాగా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. వారంలో కనీసం మూడు రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడే ఆటలు కూడా అందులో ఉండాలంది. ‘బాగా’ అనడానికి సులువైన గుర్తు ఒకటుంది. గుండె వేగం పెరగాలి, చెమట పట్టాలి, మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఆయాసం రావాలి.

ఒకేసారి గంట దొరక్కపోతే ముక్కలుగా చేసినా లెక్కే. బడి నుంచి చురుగ్గా నడిచి వస్తే పదిహేను నిమిషాలు, సందులో ఆట అరగంట, ఇంట్లో తాడాట పావుగంట. అయిపోయింది.

దీనికి జిమ్ అక్కర్లేదు. మన ఆటల్నే ఒకసారి చూడండి. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతడం ఉంది. ఆ గెంతు ఎముక మీద పడే బరువు, అంటే ఎముక గట్టిపడటానికి కావాల్సిందే. ఖోఖోలో కూర్చుని లేవడం, ఒక్కసారిగా పరుగందుకోవడం ఉన్నాయి. కబడ్డీలో దమ్ము, పట్టు రెండూ ఉన్నాయి. ఏడు పెంకులాటలో గురి, పరుగు. వీటిలో చాలావాటికి బంతి కూడా అవసరం లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లు నిండిపోయి చోటు లేదంటే అది వేరే సంగతి. దాని గురించి కిందకి వద్దాం.

ఆటకు ముందు ఏం పెట్టాలి? తర్వాత ఏం పెట్టాలి?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆకలితో వచ్చిన పిల్లాడికి కడుపు నిండా మైసూర్ బోండాలో నూడుల్సో పెట్టి, వెంటనే ఆడుకోమంటే ఆడలేడు. నూనె ఎక్కువున్న తిండి కడుపులో చాలాసేపు ఉండిపోతుంది. అలాగని ఏమీ పెట్టకుండా పంపిస్తే పది నిమిషాల్లో నీరసంతో వచ్చి కూర్చుంటాడు.

అందుకే ఈ చిరుతిండిని రెండు విడతలు చేయడం మంచిది. ఇంటికి రాగానే చిన్నది, తొందరగా అరిగేది. ఒక అరటిపండు, లేదంటే రెండు మూడు ఖర్జూరాలు, లేదా ఒక చిన్న పల్లీ చిక్కీ, ఒక గ్లాసు మంచినీళ్లు. అరగంట ఆగి ఆటకు పంపండి. తిరిగొచ్చాక అసలు చిరుతిండి. అందులో ప్రోటీన్ ఉండాలి. ఉడకబెట్టిన గుడ్డు, శనగల గుగ్గిళ్లు, మొలకెత్తిన పెసలు, గ్లాసు పాలు, రాగిజావ. వీటిలో ఏదో ఒకటి చాలు, అన్నీ కాదు.

ఎంత అవసరమో లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి ఇచ్చిన 2020 లెక్కల ప్రకారం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,700 కేలరీలు, 23 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, 7 గ్రాముల వరకు వస్తుంది. అంటే సాయంత్రం పెట్టే ఒక్క చిరుతిండితోనే ఆ రోజుకు కావాల్సిన ప్రోటీన్‌లో పావు వంతు తీరిపోతుంది. అదే పల్లీల్లో 170 కేలరీలు కూడా ఉంటాయని మర్చిపోవద్దు. గుప్పెడు మంచిదే, టీవీ ముందు గిన్నెడు కాదు.

రాగుల పేరు ఊరికే రాలేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎదిగే ఎముకకు అది కావాలి. అయితే జావలో గరిటెడు చక్కెర వేస్తే లాభం సగం పోయినట్టే. పల్చటి మజ్జిగ కలిపి కాస్త ఉప్పు వేసి ఇవ్వండి. మొదట్లో ముఖం చిట్లిస్తారు, వారం పది రోజుల్లో అలవాటు పడతారు.

ఇంకో చిన్న కిటుకు. గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండండి, లేదా పక్కన ఒక జామకాయ ముక్క పెట్టండి. విటమిన్ సి ఉంటే పప్పుల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ దీనికి సరిగ్గా వ్యతిరేకం. తిండితో పాటు టీ తాగితే ఐరన్ ఒంటబట్టదు. పిల్లలకు సాయంత్రం టీ అలవాటు మాన్పించడానికి ఈ ఒక్క కారణం చాలు.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అంటే ఆరేడు చెంచాలు. అదనంగా కలిపే చక్కెర నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 10 శాతం దాటకూడదని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1,700 కేలరీలు తినే పిల్లాడికి ఆ 5 శాతం అంటే 21 గ్రాములు. ఒక్క సీసాతో అది దాటిపోయింది. ఇక పొద్దున పాలల్లో వేసింది, మధ్యాహ్నం చాక్లెట్, సాయంత్రం బిస్కెట్లు అన్నీ పైలెక్కే.

పాలల్లో కలిపే పొడుల విషయంలోనూ జాగ్రత్త. ‘హెల్త్ డ్రింక్’ అనే వర్గమే మన ఆహార చట్టంలో లేదు. ఆ పేరు కింద ఇలాంటి పానీయాలను చూపించొద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు చెప్పింది. 2025 మేలో సీబీఎస్‌ఈ తన స్కూళ్లలో ‘షుగర్ బోర్డులు’ పెట్టమంది. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కళ్లకు కట్టేలా చూపించడానికి.

నిబంధన ఇంకోటి కూడా ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని స్కూల్లో గానీ, గేటు నుంచి 50 మీటర్లలోపు గానీ అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే రూల్ పెట్టింది. మీ పిల్లల స్కూల్ గేటు ముందు ఒకసారి నిలబడి చూడండి, ఎంత అమలవుతోందో మీకే తెలుస్తుంది. బండివాడి మీద కేకలేస్తే మారేది కాదు ఇది. పిల్లాడి బ్యాగులో అరటిపండు ఉంటే ఆ బండి దగ్గర ఆగే అవసరం సగం తగ్గుతుంది. ఒక చిప్స్ ప్యాకెట్, ఒక కూల్‌డ్రింక్ కొనే డబ్బుతో ఇద్దరు పిల్లలకు గుడ్డూ అరటిపండూ వస్తాయి.

లావు పిల్లలకేనా ఇదంతా?

కాదు. ఫిట్‌నెస్ అనగానే బరువు తగ్గించడం అనుకుంటాం. 2016-18లో దేశమంతా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ఏం చెప్పిందో చూడండి. 5 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 4 శాతం మంది ఉండాల్సిన దానికంటే బరువెక్కువ. బాగా సన్నగా ఉన్నవాళ్లు 23 శాతం. అదే సమయంలో, పది మందిలో ఒకరి రక్తంలో చక్కెర డయాబెటిస్‌కి ముందు దశలో ఉంది. అంటే చూడ్డానికి బక్కగా ఉన్నాడు కదా, ఏం తిన్నా పర్లేదు అనే ధీమా పనికిరాదు. బక్క పిల్లాడికి ఆటతో పాటు తిండి పెరగాలి. బొద్దు పిల్లాడికి ఆట పెరగాలి, ప్యాకెట్లు తగ్గాలి. ఎదిగే వయసులో ఎవరికీ డైటింగ్ మాత్రం వద్దు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏడో తరగతి దాకా సందులో పరిగెత్తిన అమ్మాయి, ఎనిమిదికి వచ్చేసరికి ఇంట్లో ఉండిపోతుంది. ‘పెద్దదైంది, ఇక ఆటలేంటి’ అనే నానమ్మ మాట ఒకటి, బయట అబ్బాయిలున్నారనే భయం ఒకటి. సరిగ్గా అదే వయసులో ఒంటికి ఐరన్ అవసరం పెరుగుతుంది. 10 నుంచి 12 ఏళ్ల అబ్బాయికి రోజుకు 16 మిల్లీగ్రాములు సరిపోతే, అమ్మాయికి 28 కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది.

కాబట్టి నాలుగు అడుగులు పరిగెత్తగానే కూర్చుండిపోయే అమ్మాయిని బద్ధకం అని తిట్టే ముందు కనురెప్ప లోపలి భాగం, గోళ్లు పాలిపోయాయేమో చూడండి. అనుమానం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, చిన్న పరీక్షే. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రని పిల్లలు మింగుతున్నారో, కిటికీలోంచి విసిరేస్తున్నారో కూడా అడిగి తెలుసుకోండి. మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారంగా ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకోమనండి.

డబ్బు కట్టి చేర్పించే ముందు

స్కేటింగ్, కరాటే, బ్యాడ్మింటన్, పిల్లల జిమ్. నగరాల్లో బోలెడు క్లాసులున్నాయి. చేర్పించే ముందు ఒకరోజు మూలన కూర్చుని గడియారం చూడండి. గంట క్లాసులో మీ పిల్లాడు నిజంగా కదిలింది ఎన్ని నిమిషాలు? ఇరవై మంది వరసలో నిలబడి వంతు కోసం ఎదురుచూస్తే అది ఆట కాదు, క్యూ. అందరి ముందు బరువు తూచి పేర్లు పెట్టే చోటు, పదేళ్ల పిల్లాడికి ప్రోటీన్ పౌడర్ అంటగట్టే చోటు, తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వని చోటు అయితే తిరిగి వచ్చేయండి.

డబ్బు లేకపోయినా జరుగుతుంది. నాలుగైదు కుటుంబాలు కలిస్తే చాలు. దగ్గర్లోని మున్సిపల్ పార్కులోనో, హెడ్‌మాస్టరు ఒప్పుకుంటే సర్కారు బడి గ్రౌండులోనో చోటు చూసుకోవచ్చు. రోజుకొక ఇంటి పెద్దవాళ్లు కాపలా, ఆ ఇంటివాళ్లదే ఆరోజు గుగ్గిళ్ల గిన్నె. తాతయ్యలు ఉన్న ఇళ్లలో ఈ పని ఇంకా తేలిక. ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడే వాళ్లు కూడా, ఒక అత్తో పిన్నో అక్కడ కూర్చుని ఉంటే పంపిస్తారు. ట్యూషన్ మాస్టారిని అడిగి టైము ఐదు నుంచి ఆరున్నరకి జరపమనడం కూడా కలిసికట్టుగా అడిగితేనే అవుతుంది. ఒక్కరు అడిగితే ‘బ్యాచ్ కుదరదండీ’ అంటారు.

ఎండాకాలం మాత్రం లెక్క వేరు. మార్చి చివరి నుంచి జూన్ వర్షాలు పడేదాకా ఐదు గంటలకి కూడా నేల సెగలు కక్కుతుంది. ఐదున్నర, ఆరు తర్వాతే ఆట. పావుగంటకోసారి నీళ్లు. తలనొప్పి, వాంతి, తల తిరగడం ఏది వచ్చినా వెంటనే నీడకి తీసుకురావాలి. ఆస్తమా, గుండె సమస్య, టైప్-1 డయాబెటిస్ ఉన్న పిల్లలూ ఆడొచ్చు, కాకపోతే ముందు డాక్టర్‌ని అడగాలి. ఇన్‌హేలర్ గానీ, షుగర్ పడిపోతే ఇవ్వాల్సిన గ్లూకోజు గానీ గ్రౌండు దగ్గర చేతికందేలా ఉండాలి.

మార్పు వస్తోందా లేదా అని బరువు తూచుకుంటూ కూర్చోవద్దు. ఫిట్ ఇండియా కింద స్కూళ్లలో నాలుగో తరగతి నుంచి చేసే పరీక్షల్లో 600 మీటర్ల పరుగు ఒకటి. అలసిపోతే మధ్యలో నడవొచ్చు కూడా. ఈ నెలలో ఒకసారి టైము రాసి పెట్టుకోండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. పక్కింటి పిల్లాడి టైముతో కాదు, తన పాత టైముతోనే పోల్చాలి. ఈలోగా పరీక్షలొస్తాయి, అప్పుడు ముందుగా కోత పడేది ఆటకే. కనీసం ఆ నెలలోనైనా గంటని అరగంట చేయండి, సున్నా చేయకండి.